ఒంగోలు ప్రాంత గ్రామీణ సంఘాలు: కరువుకు ముందటి చరిత్ర

ఒంగోలు ప్రాంతపు సంఘ చరిత్ర అనగానే మన ప్రసంగాల్లో ముందుగా వినిపించే తేదీ 1878 జూలై 3. ఆ రోజున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. అంతకు ముందు 1876–78లో ధాత కరువు దేశాన్ని పీడించింది. కాబట్టి ఈ ప్రజలు గంజి కోసం మతం మారారని విమర్శకులు అంటారు. మనవారు దానిని క్లౌ దొరగారి సేవా విజయంగా చెప్పుకుంటారు. ఈ రెండు కథనాలూ 1878తోనే మొదలవుతాయి; రెండింటిలోనూ గ్రామంలోని విశ్వాసి మౌనంగానే ఉంటాడు. అంతకు ముందు పన్నెండేళ్ల చరిత్రను పరిశీలిస్తే ఈ సంఘాలను కట్టినవారెవరో తెలుస్తుంది.

1. తోళ్ల వ్యాపారం వెంట వచ్చిన సువార్త

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలైంది. 1840 నుండి నెల్లూరు దాని కేంద్రం. మూడు దశాబ్దాల వరకు ఫలితం అతి స్వల్పం. మిషనును మూసివేయాలని స్వదేశంలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండపై చేసిన ప్రార్థన మనకు సుపరిచితమే.

ఆ ప్రాంతానికి సువార్త వేరొక దారిలో కూడా వచ్చింది. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. యోగ గురువులను ఆశ్రయించి సాధన చేసినవాడు, తనకంటూ శిష్యులున్నవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన అలెగ్జాండరు బోధ విన్నాడు. ఒంగోలుకు మిషనెరీ వచ్చేవరకు వేచి ఉండి, 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మము పొందాడు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టినది కూడా ఆ సంవత్సరమే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి పేరయ్య మాటలు విన్నవారు చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చి చింతతోపులో వేచి ఉన్నారు. వారిలో 28 మంది బాప్తిస్మము పొందారు.

బంధుత్వం, వ్యాపారం, గురుశిష్య సంబంధం – సువార్త ఈ మూడు దారులలోనే పల్లె నుండి పల్లెకు నడిచింది. కరువు రాకముందే ఒంగోలు సంఘ సభ్యులు మూడు వేలు దాటారు. గంజి వాదానికి మొదటి జవాబు ఈ లెక్కే.

2. మూడు నియమాలు

కొత్త విశ్వాసులకు బోధించిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. నేటి పాఠకునికి ఇవి భక్తి నియమాలుగా మాత్రమే కనిపించవచ్చు. ఆనాటి గ్రామ వ్యవస్థలో వీటి ఖరీదు ఎక్కువ. ఊరికి చెప్పులు, మోట బొక్కెనలు కుట్టడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచినప్పుడు వెట్టికి వెళ్ళడం మాదిగల విధులు. చచ్చిన పశువు, కళ్ళంలో గింజలు వారి ప్రతిఫలం. కోతల కాలంలో ఆదివారం పనికి రానంటే రైతుకు కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. అందుకే కూలి ఆపారు, బావులకు పోనివ్వలేదు, కొట్టారు. తినడానికి లేనివాడు దొరికిన మాంసాన్ని వదులుకున్నాడంటే అక్కడ పనిచేసినది ఆకలి కాదు, మానం.

3. కరువు, కాలువ, నది

కరువు కాలంలో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మాదిగ బోధకులు మేస్త్రీలుగా పని చేయించారు. కూలి దొరికింది. పని విరామంలో కూలీలు వారినుండి సువార్త విన్నారు. బాప్తిస్మము అడిగినవారు అనేకులు. అయితే సుమారు పదిహేను నెలలపాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మమివ్వలేదు. సహాయం కోసం వచ్చారనే అనుమానానికి తావివ్వరాదని ఆయన భావన. 1878 జూన్‌లో బాప్తిస్మాలు తిరిగి మొదలయ్యాయి. సంవత్సరాంతానికి 9,606 మంది చేరారు.

జూలై 3న నదిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారు. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఈ వివరాన్ని మన ప్రసంగాలు తరచుగా విడిచిపెడతాయి.

కరువు ప్రభావం లేదని వాదించనక్కరలేదు. ఆకలి తీర్చిన చేతిని నమ్మడం మానవ సహజం. పన్నెండేళ్లుగా తయారైన నేలపై ఆ వాన పడింది.

4. మిగిలిన లోపాలు

1880ల ఆరంభానికి ఒంగోలు సంఘం ఇరవై వేలు దాటింది. ఇంతమందికి బోధించడానికి కాపరులు చాలలేదు. 1872లో ప్రారంభమైన రామపట్నం సెమినరీ, పల్లె బడులు ఆ కొరతను కొంతవరకే తీర్చాయి. రెండవది కులం. బంధుత్వం వెంట వచ్చిన సువార్త బంధుత్వపు హద్దు దగ్గర ఆగింది. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు సంఘాలు మాదిగ సంఘాలుగానే స్థిరపడ్డాయి. మాలలు అధికంగా ఇతర మిషనుల వైపు వెళ్ళారు. ఏ బలం సంఘాన్ని పెంచిందో అదే దాని గోడ అయింది. మూడవది స్త్రీల చరిత్ర. నాగమ్మ పేరు భర్త పేరు వెంట ఒక్కసారి వచ్చి ఆగిపోతుంది.

5. నేటి కాపరి బాధ్యత

పేరయ్య వంటివారిని గూర్చి మనకు తెలిసినది చాలవరకు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వల్ల తెలిసింది. వృద్ధులైన మాదిగ బోధకులు చెప్పిన సంగతులు విని ఆమె 1899లో ఒక గ్రంథం ప్రచురించింది. ఆమె అడగకపోతే ఆ జ్ఞాపకాలు వారితోనే సమాధి అయ్యేవి. మన పల్లె సంఘాలలో నేటికీ తాతముత్తాతల మాటలు చెప్పగల వృద్ధులున్నారు. బాప్తిస్మపు రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి. మొదట నమ్మినదెవరు, ఎవరి బంధువు ద్వారా, ఏమి కోల్పోయారు – ఈ మూడు ప్రశ్నలు ప్రతి కాపరి తన సంఘంలో అడిగి వ్రాసి పెట్టాలి. సెమినరీ విద్యార్థులు సెలవులలో స్వగ్రామంలో ఈ పని మొదలుపెట్టవచ్చు. గంజి కోసం వచ్చారనే నిందకు దానికి మించిన జవాబు లేదు.