మధుర మహలు గోడలలో రసాయన పాఠం

మధురను 1623 నుండి 1659 వరకు ఏలిన తెలుగు నాయకరాజు తిరుమల నాయకుడు 1636లో నిర్మింపజేసిన మహలు రసాయన శాస్త్రానికి సజీవ నిదర్శనం. గుల్లసున్నంలో కోడిగ్రుడ్డు తెల్లసొన కలిపి దాని గోడలకు నునుపు తెచ్చారు.

గుల్లలలో ఉన్నది కాల్షియం కార్బనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చగా బొగ్గుపులుసు వాయువు వెడలి పొడిసున్నం మిగులుతుంది. నీరు పోయగానే అది కుతకుతలాడి తడిసున్నమవుతుంది. ఇది క్షారం, ఎర్ర లిట్మస్‌ను నీలంగా మారుస్తుంది. గోడకెక్కిన పిమ్మట గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా గ్రహించి మరల కార్బనేట్‌గా గట్టిపడుతుంది.

ఆమ్లం సోకితే మాత్రం నురగలెత్తి కరుగుతుంది. పొగలలోని గంధక వాయువులు తేమతో కలిసి ఆమ్లాలై ఇట్టి గోడలను తినివేస్తాయి. సూత్రమెరుగని పూర్వులు చర్యను సాధించారు. సూత్రమెరిగిన నేటి విద్యార్థులపై వారి సంపదను కాపాడే బాధ్యత ఉన్నది.