1357 - ఫస్లీయా, హిజ్రీయా?

పాత కాగితాలు వెదికి వంశవృక్షం రాసుకోవాలనే ఉత్సాహం మన సభ్యుల్లో చాలామందికి కలుగుతున్నది. సంతోషమే. అయితే ముద్ర వేసిన కాగితంలో ఉన్నదంతా నిజమనుకున్నందువల్ల మా ఇంట్లో ఏమి జరిగిందో చెబుతాము.

మా దాదా, దాదీమాల నికాహ్ సియాహానామాకు తెలుగు నకలు ఒకటి పెట్టెలో ఉండేది. అందులో "1357 ఫస్లీ" అని ఉంది. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని పెద్దలకు తెలిసిందే. అంటే 1947-48, పోలీసు చర్య నాటి ఏడు. మా అబ్బా బడి సర్టిఫికెట్టులో పుట్టిన తేదీ చూస్తే 1941 జులై 1. నికాహ్‌కు ఆరేళ్ల ముందే బిడ్డ! మా పిల్లలు లెక్క కట్టి ఊరుకున్నారు గాని, బంధువుల్లో ఒకరిద్దరు ఊరుకోలేదు. దాదీమా అప్పటికే లేరు. జవాబు చెప్పుకోలేని మనిషి మీద మాట పడింది. ఒక పెళ్లిలో ఆ మాట విని మా ఫుప్పు దస్తర్‌ఖాన్ ముందు నుంచి లేచి వచ్చేసింది.

మొదట మేము సర్టిఫికెట్టునే అనుమానించాము. పుట్టిన తేదీ తెలియని పిల్లలకు పంతుళ్లు జులై 1 వేసేవారు. కొన్ని ఇళ్లలో అన్నదమ్ములందరూ ఆ రోజే పుట్టారు మరి! కాని తేదీ ఊహే అయినా, ఏడెనిమిదేళ్లు తేడా రాదు గదా.

చివరకు ఖాజీగారి వారసుల వద్ద అసలు దఫ్తరు చూశాము. ఉర్దూలో "రజబ్ 1357" అని మాత్రమే ఉంది. ఫస్లీ అన్న మాటే లేదు. భూమి కాగితాలన్నీ ఫస్లీలో రాసి అలవాటైన చేయి ఎవరిదో, నకలులో ఆ మాట చేర్చింది. రజబ్ హిజ్రీ నెల. నిజాం సర్కారు ఫస్లీ అయితే ఆజర్, దై, బహ్మన్ వంటి నెలలు ఉండాలి. హిజ్రీ 1357 రజబ్ అంటే 1938 ఆగస్టు-సెప్టెంబరు. అబ్బా పుట్టింది ఆ తరువాత మూడేళ్లకు.

ఈ రెండు లెక్కలూ ఒకప్పుడు ఒకటే. షాజహాన్ కాలంలో, 1636లో, దక్కనులో ఫస్లీ మొదలైనప్పుడు హిజ్రీ 1046నే ఫస్లీ 1046గా తీసుకున్నారు. హిజ్రీ సంవత్సరం సుమారు పదకొండు రోజులు చిన్నది గనుక ముందుకు పోతూ వచ్చింది. 1948 నాటికి తేడా పదేళ్లు!

పేర్ల సంగతీ ఇంతే. తొందర రాతలో చుక్కలు తారుమారైతే నబీ కాస్తా బనీ అవుతాడు. కోస్తా జిల్లాల్లో షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేర్లయి, ఒకే మనిషి ఒకచోట షేక్ ఇమాం, మరొకచోట ఎస్. ఇమాం సాహెబ్.

తప్పు కనబడగానే కొట్టివేయాలనిపిస్తుంది. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషను చట్టం 15వ సెక్షను ప్రకారం రిజిస్ట్రారు కూడా అసలు నమోదును మార్చరాదు; సవరణను అంచున రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. మేమూ ఆ నకలును దిద్దలేదు. అంచున "అసలులో రజబ్, హిజ్రీ, 1938" అని రాసి, దఫ్తరు చూసిన తేదీ వేశాము.

అది చదివి వినిపిస్తే ఫుప్పు నెల పేరు మరోసారి చెప్పమంది. తరువాత ఆ మాట అన్నవారి ఇంటికి కాగితం పట్టుకుని తనే వెళ్లింది.