సూదిమందు ఇంటికి వచ్చిన చరిత్ర

‘సూదిమందు’ అనే మాటలో రెండు వస్తువులు కలిసి ఉన్నవి. ఒకటి సూది, రెండవది మందు. పేరులో ఒకటిగా కలిసినా చరిత్రలో వీటి దారులు వేరు. ఈ రెండింటితోపాటు మూడవది ఒకటి కూడా కావలెను. అది సూదిని పట్టుకొనే చేయి. మొదట ఆ చేయి వైద్యునిది. నేడు అనేక సందర్భాలలో అది రోగిదే.

తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక ఇంటి ఫ్రిజ్ తెరిస్తే, పెరుగు గిన్నె పక్కన కలం ఆకారంలో ఉన్న సూదిమందు కనిపించడం ఇప్పుడు వింత కాదు. అది మధుమేహానికి వాడే ఇన్సులిన్ కావచ్చు. లేక శరీరపు బరువు తగ్గడానికి వారానికి ఒకసారి వేసుకొనే కొత్త మందు కావచ్చు. మూత తీసి, పొట్టమీద గుచ్చి, మీట నొక్కడానికి నిమిషం పట్టదు. కాని ఆ నిమిషం వెనుక మూడున్నర శతాబ్దాల ప్రయోగాలూ, వాటిలో జరిగిన పొరపాట్లూ ఉన్నవి. ఆ పొరపాట్లు ఎట్లా జరిగినవో తెలుసుకొంటే నేటి జాగ్రత్తలకు కారణం బోధపడుతుంది.

సూది పుట్టుక

1656లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో క్రిస్టఫర్ రెన్ పక్షి ఈక కాడకు తిత్తిని కట్టి, దాని ద్వారా ఒక కుక్క సిరలోనికి నల్లమందు కలిపిన ద్రవాన్ని ఎక్కించినాడు. లండనులోని సెయింట్ పాల్ చర్చికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి ఇతడే. ఆ తరువాత దాదాపు రెండువందల సంవత్సరాలకు, 1844లో, డబ్లిన్ నగర వైద్యుడు ఫ్రాన్సిస్ రిండ్ బోలు సూదితో మందును చర్మం కిందికి పంపినాడు. 1853లో ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్సులో ఛార్లెస్ ప్రవాజ్ ఎవరికి వారుగా సూదికి పిచికారీని జతచేసినారు. వుడ్ వాడినది గాజు పిచికారీ. ఎంత మందు లోపలికి దిగినదో కంటితో చూసి కొలవడానికి అది వీలు కలిగించినది.

నొప్పి ఉన్నచోట గుచ్చితేనే మందు పనిచేస్తుందని వుడ్ అనుకొన్నాడు. చర్మం కింద ఎక్కడ గుచ్చినా మందు రక్తంలో కలిసి శరీరమంతటికీ చేరుతుందని లండను వైద్యుడు ఛార్లెస్ హంటర్ చూపినాడు. ఈ సంగతి నేటికీ గుర్తుంచుకోదగినది. బరువు తగ్గించే మందును పొట్ట మీద గుచ్చేది అక్కడి కొవ్వును అక్కడే కరిగించడానికి కాదు. తొడ మీద వేసినా దాని పని అదే.

పిచికారీ మొదటిసారి ఇంటికి వచ్చినది నొప్పిని తగ్గించే మార్ఫిన్‌తో. వైద్యులు దానిని రోగుల చేతికే ఇచ్చి వెళ్ళేవారు. ఫలితంగా ఎందరో ఆ మందుకు బానిసలైనారు. 1877లో జర్మన్ వైద్యుడు ఎడ్వర్డ్ లెవిన్‌స్టైన్ ఈ వ్యసనం మీదనే ఒక గ్రంథం ప్రకటించవలసి వచ్చినది. సూది ఇంటికి వచ్చినది గాని, దానితో రావలసిన పర్యవేక్షణ రాలేదు.

ఇన్సులిన్ నేర్పిన పాఠం

1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, ఛార్లెస్ బెస్ట్ క్లోమం నుండి ఇన్సులిన్‌ను రాబట్టినారు. 1922 జనవరి 11న పదునాలుగేండ్ల లెనర్డ్ థామ్సన్‌కు దానిని మొదటిసారి ఎక్కించినారు. మందులో మలినాలు ఉండడంవల్ల గుచ్చినచోట పుండు లేచినది. జేమ్స్ కాలిప్ దానిని మరింత శుద్ధి చేసిన పిమ్మట జనవరి 23 నుండి మరల ఇవ్వగా బాలుడు కోలుకొన్నాడు.

ఇన్సులిన్ ప్రభావం కొద్ది గంటలే. కాబట్టి ప్రతిరోజూ, జీవితాంతం వేసుకోవలెను. అందుకోసం రోగిని ఎల్లకాలం ఆసుపత్రిలో ఉంచడం సాధ్యం కాదు. అందువల్ల వైద్యులు రోగికే సూది పట్టడం నేర్పినారు. బోస్టన్‌లో ఎలియట్ జోస్లిన్ వంటివారు రోగికి మందుతోపాటు చదువునూ ఇచ్చినారు. మార్ఫిన్ కాలానికీ దీనికీ ఉన్న భేదం అదే.

అయినా కొలతలో చిక్కు వచ్చిపడినది. ఇన్సులిన్‌ను ‘యూనిట్ల’లో కొలుస్తారు. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండే సీసాలూ ఉన్నవి, 100 యూనిట్లు ఉండేవీ ఉన్నవి. మన దేశంలో రెండూ వాడుకలో ఉన్నవి. వాటి సిరంజిలు వేరు. 40 రకానికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ మూత. 40 రకపు సిరంజితో 100 రకపు ఇన్సులిన్‌ను ‘20’ గుర్తు వరకు లాగితే అది అర మిల్లీలీటరు, అనగా 50 యూనిట్లు. కావలసినదానికి రెండున్నర రెట్లు. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణానికే ముప్పు రావచ్చు. మందూ మంచిదే, సూదీ మంచిదే. తప్పు గుర్తులు చదవడంలో ఉన్నది.

మదనపల్లె, మద్రాసు

సూదిమందు చరిత్రలో అప్పటి చిత్తూరు జిల్లాకూ ఒక స్థానం ఉన్నది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగులకు పేరుపొందిన శానిటోరియం ఉండేది. దేశంలో బి.సి.జి. టీకా కార్యక్రమం 1948లో ఆరంభమైన చోట్లలో మదనపల్లె ఒకటి. బి.సి.జి.ని చర్మపు పొరలలోనే వేయవలెను. క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్‌ను కండలోనికి దింపవలెను. ఇన్సులిన్‌ను, నేటి వారపు మందును ఈ రెంటికీ నడుమ, చర్మం కింది కొవ్వులో వేయవలెను. లోతు మారితే మందు రక్తంలో కలిసే వేగం మారుతుంది. కలం సూది నాలుగైదు మిల్లీమీటర్ల పొట్టిగా ఉండడానికి కారణమిదే.

చిత్తూరుకు చేరువలోని మద్రాసులో 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడినది. అక్కడ కొందరు రోగులను శానిటోరియంలో, కొందరిని వారి ఇండ్లలోనే ఉంచి, ఒక సంవత్సరం పాటు నోటిమందులు ఇచ్చి పోల్చినారు. ఇంటివద్ద చికిత్స పొందినవారూ దాదాపు అంత చక్కగానే కోలుకొన్నట్లు 1959లో వెల్లడైనది. అయితే వారిని ఇంట్లో వదలివేయలేదు. మందు క్రమంగా తీసుకొంటున్నారా అని సిబ్బంది ఇంటికి వెళ్ళి చూసేవారు. ఇంటి వైద్యానికి బలం పర్యవేక్షణలో ఉన్నదని ప్రపంచానికి తెలిపిన ప్రయోగమిది.

ఒకే సూది, పలువురు రోగులు

ఆ రోజులలో పల్లె వైద్యుని బల్లమీద గాజు సిరంజి, దానిని మరిగించే చిన్న పెట్టె తప్పక ఉండేవి. నీరు చాలినంతసేపు మరగకపోతే ఒకరి రక్తంలోని రోగక్రిమి మరొకరికి చేరేది. ఈజిప్టులో 1950ల నుండి 1980ల ఆరంభం వరకు నత్తల ద్వారా వ్యాపించే ఒక పరాన్నజీవి రోగానికి సామూహికంగా సూదులు వేసినారు. సిరంజిలు సరిగా శుభ్రపడక హెపటైటిస్ సి వైరస్ ఆ దేశమంతటా వ్యాపించినది. 2000 సంవత్సరంలో లోకమంతటా 2 కోట్ల 10 లక్షల హెపటైటిస్ బి సోకులకు అపరిశుభ్రమైన సూదులే కారణమని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది.

ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ సిరంజి ఈ ప్రమాదాన్ని చాలావరకు తగ్గించినది. 1985లో డెన్మార్కులో ఇన్సులిన్ కలం వచ్చినది. కాని కలంతో పాత ప్రమాదం కొత్త రూపంలో వచ్చినది. గుచ్చినప్పుడు కంటికి కానరానంత రక్తం లోపలి మందులోనికి వెనుకకు పోవచ్చు. కాబట్టి సూది మార్చినా సరే, ఒకరి కలం మరొకరు వాడరాదు. భార్యాభర్తలైనా, అన్నదమ్ములైనా ఇదే నియమం.

వారం నిలిచే మందు

ఇక మందు సంగతి. భోజనం చేసినప్పుడు మన ప్రేగులు జి.ఎల్.పి.-1 అనే హార్మోనును విడుదల చేస్తవి. అది ఇన్సులిన్ ఊరేటట్లు చేస్తుంది, కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది, మెదడుకు ‘ఇక చాలు’ అనే సంకేతం ఇస్తుంది. 1980లలో స్వెత్లానా మొయిసోవ్, జోయెల్ హాబెనర్, డేనియల్ డ్రకర్, డెన్మార్కులో జెన్స్ హోల్స్ట్ మొదలైనవారు దీని స్వభావాన్ని వెల్లడించినారు. చిక్కు ఏమంటే, రక్తంలో అది రెండు నిమిషాలలోనే సగం నశిస్తుంది.

1992లో అమెరికాలో జాన్ ఎంగ్ గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో ఇటువంటిదే, ఇంతకన్న ఎక్కువసేపు నిలిచే పదార్థాన్ని కనుగొన్నాడు. దాని నుండి 2005లో రోజుకు రెండుసార్లు వేసుకొనే మందు వచ్చినది. డెన్మార్కు శాస్త్రజ్ఞులు మరొక దారి పట్టినారు. హార్మోను అణువుకు ఒక కొవ్వు ఆమ్లాన్ని తగిలించినారు. అది రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీనును పట్టుకొని తిరుగుతుంది, త్వరగా నశించదు. అట్లా మొదట రోజుకొకసారి చాలిన లిరాగ్లూటైడ్, పిమ్మట వారానికొకసారి చాలిన సెమాగ్లూటైడ్ తయారైనవి. సెమాగ్లూటైడ్‌ను అమెరికాలో 2017లో మధుమేహానికి, 2021లో బరువు తగ్గడానికి అనుమతించినారు. 2021లో వెలువడిన పరిశోధనలో 68 వారాలకు ఈ మందు వాడినవారి బరువు సగటున 14.9 శాతం, మందులేని సూది వేసుకొన్నవారి బరువు 2.4 శాతం తగ్గినది. ఈ తరహాదే టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన దేశపు మార్కెట్టుకు వచ్చినది. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ కలం అదే సంవత్సరం జూన్‌లో వచ్చినది.

సెమాగ్లూటైడ్ అర్ధాయువు సుమారు ఒక వారం. మొదటివారం వేసిన 1 భాగంలో సగం మిగిలి ఉండగానే రెండవ సూది పడుతుంది. అప్పుడు మొత్తం ఒకటిన్నర. మూడవ సూదికి 1.75, నాలుగవదానికి 1.875. ఇట్లా అది 2కు చేరువవుతూ నిలుస్తుంది. అందుకే 0.25 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకొక మెట్టుగా పెంచుతారు. ఫలితం త్వరగా రావాలని మెట్లు దాటితే వాంతులు, విరేచనాలు పట్టుకొంటవి. పొరపాటున ఎక్కువ వేసుకొంటే ఆ బాధ మరునాటికి పోదు. వారం తరువాత కూడా సగం మందు శరీరంలోనే ఉంటుంది.

పాత తప్పు మళ్ళీ

2024 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక చేసినది. సీసాలలో అమ్మిన సెమాగ్లూటైడ్‌ను సిరంజితో లాగుకొనే కొందరు కావలసినదానికి 5 నుండి 20 రెట్లు వేసుకొని ఆసుపత్రి పాలైనారు. మిల్లీగ్రాము, మిల్లీలీటరు, యూనిట్ల మధ్య తికమకే కారణం. ఒక సీసాలో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మందు ఉన్నదనుకొందాం. 0.25 మిల్లీగ్రాము కావలెనంటే 0.05 మిల్లీలీటరు, అనగా 100 రకపు సిరంజిమీద ‘5’ గుర్తు. ‘0.25’ అన్నందుకు ‘25’ గుర్తు వరకు లాగినవాడు ఐదు రెట్లు వేసుకొన్నట్లే. ఇన్సులిన్ సీసా నేర్పిన పాఠాన్ని మరచిన ఫలితమిది.

ఇంటిలో పాటించవలసినవి

ఈ మందు వైద్యుడు పరీక్షించి రాసి ఇచ్చినప్పుడే వాడదగినది. గర్భిణులు, క్లోమశోథ వచ్చినవారు, థైరాయిడ్‌లో మెడుల్లరీ క్యాన్సరు తమకుగాని కుటుంబంలోగాని ఉన్నవారు ముందే ఆ సంగతి చెప్పవలెను. మొదటి సూదిని వైద్యుని ఎదుట వేసుకొని పద్ధతి నేర్చుకోవడం మేలు.

వారంలో ఒక రోజు నిర్ణయించుకొని క్యాలెండరులో గుర్తుపెట్టుకోవలెను. చేతులు సబ్బుతో కడుగుకొని, మందు పేరు, మోతాదు, గడువుతేదీ చదవవలెను. మందు తేటగా, రంగులేకుండా ఉండవలెను. పొట్టమీద బొడ్డు నుండి రెండంగుళాలు తప్పించి, లేదా తొడ ముందుభాగాన గుచ్చవలెను. వారం వారం చోటు మార్చవలెను. మార్చుకొనే సూదుల కలమైతే ప్రతిసారీ కొత్త సూది తొడగవలెను. వారం తప్పిపోతే రెండు సూదులు ఒకేసారి వేసుకోరాదు. ఎన్ని రోజులలోపు వేసుకోవచ్చునో ఒక్కొక్క మందుకు ఒక్కొక్క రకంగా ఉంటుంది గనుక పెట్టెలోని కాగితం చూడవలెను. తగ్గని కడుపునొప్పి వస్తే తరువాతి సూది ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలెను. రాయలసీమ ఎండలలో వాంతులు, విరేచనాలు తోడైతే శరీరంలో నీరు త్వరగా తగ్గుతుంది.

వాడకముందు మందును 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడులో ఉంచవలెను. గడ్డకట్టిన మందు పనికిరాదు. గడ్డ కట్టించే అరకు ఆనించి పెట్టరాదు. బయట కొన్నాళ్ళు నిలుస్తుందని కాగితంలో రాసి ఉన్నా, అది సుమారు 30 డిగ్రీలలోపు మాట. తిరుపతి వేసవి మధ్యాహ్నం 40 దాటుతుంది. నీటికుండ చల్లదనం కొంత ఆదుకొంటుంది గాని ఫ్రిజ్‌కు సాటిరాదు.

చివరి పని, ఎక్కువమంది మరచేది, వాడిన సూది. దానిని చెత్తబుట్టలో వేస్తే మరునాడు పారిశుద్ధ్య కార్మికుని చేతికి గుచ్చుకొంటుంది. అది ఎవరి రక్తం తాకిన సూదియో అతనికి తెలియదు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, ‘సూదులు’ అని రాసి, ఆసుపత్రిలోగాని ప్రత్యేకంగా సేకరించేవారికిగాని అప్పగించవలెను. ఇంటిలో వాడిన సూదులను 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు ప్రమాదకర వ్యర్థంగా లెక్కించినవి.

మందు ఆపితే ఆకలి తిరిగి వస్తుంది. సెమాగ్లూటైడ్ మానిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండువంతులు తిరిగి వచ్చినట్లు 2022లో వెల్లడైనది. కాబట్టి ఇది పెండ్లికి ముందు నాలుగు వారాలు వేసుకొని మానివేసే వస్తువు కాదు. ఆహారం, నడక, వైద్యుని సలహా దీనితో కూడా సాగవలెను. ఉపాధ్యాయులు పై సీసా లెక్కను, అర్ధాయువు లెక్కను తరగతిలో చేయిస్తే ఉపయోగం ఉన్నది. ఇంటిలో అమ్మమ్మకో తాతకో సిరంజి గుర్తు చదివి చెప్పేది చాలాచోట్ల ఆ విద్యార్థే.