సెకండ్ హ్యాండ్‌లో పోలో జీటీ టీఎస్ఐ కొంటున్నారా? బేరం ఆడే ముందు ఇవి చూసుకోండి.. లేదంటే జేబుకు చిల్లే!

చూడ్డానికి చిన్న బండి. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం పెద్ద కార్లను కూడా వెనక్కి నెట్టేస్తుంది. అందుకే ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ అంటే కుర్రకారుకు అంత క్రేజ్. 2022లో మన దేశంలో పోలో అమ్మకాలు ఆగిపోయాయి. దీంతో ఈ బండి కావాలంటే ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్టే దిక్కు. అయితే మామూలు హ్యాచ్‌బ్యాక్ కొన్నట్టు రంగు, టైర్లు, మీటర్ రీడింగ్ చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తే ఇబ్బందే. టర్బో ఇంజిన్, డీఎస్‌జీ గేర్‌బాక్స్.. ఈ రెండింటిలో ఏది మొరాయించినా బేరంలో మిగిలిందంతా షెడ్డుకే పోతుంది.

రెండు రకాలు.. తేడా తెలుసుకోండి

జీటీ టీఎస్ఐ మన దగ్గర 2013లో వచ్చింది. అందులో 1.2 లీటర్ల 4 సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉంది. పవర్ 105 పీఎస్, టార్క్ 175 ఎన్ఎం. దానికి 7 స్పీడ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జత చేశారు. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగాన్ని 9.7 సెకన్లలో అందుకుంటుందని అప్పట్లో కంపెనీ చెప్పింది.

2020లో బీఎస్6 నిబంధనలు రావడంతో ఇంజిన్ మారింది. 1.0 లీటర్ 3 సిలిండర్ల టీఎస్ఐ వచ్చింది. పవర్ 110 పీఎస్‌కు పెరిగింది, టార్క్ మాత్రం అంతే. డీఎస్‌జీ తీసేసి 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ పెట్టారు. నడపడంలో మజా డీఎస్‌జీదే అనేవాళ్లు చాలామంది. కానీ రోజూ సిటీ ట్రాఫిక్‌లో తిరిగేవాళ్లకు 2020 తర్వాతి బండే తలనొప్పి తక్కువ.

డీఎస్‌జీతోనే అసలు పరీక్ష

పాత జీటీలో ఉన్నది డ్రై క్లచ్ డీఎస్‌జీ. ఇందులో రెండు క్లచ్‌లు ఉంటాయి. అవి ఆయిల్‌లో మునిగి ఉండవు కాబట్టి త్వరగా వేడెక్కుతాయి. అమీర్‌పేట, కూకట్‌పల్లి లాంటి చోట్ల గంటల తరబడి అంగుళం అంగుళం పాకించిన బండి అయితే క్లచ్ త్వరగా అరిగిపోతుంది. గేర్లను నడిపించే మెకట్రానిక్ యూనిట్ కూడా ఫెయిల్ అవుతుంటుంది. దాన్ని మార్చాల్సి వస్తే బిల్లు లక్ష దాటే అవకాశం ఉంది.

టెస్ట్ డ్రైవ్‌లో ఇవి గమనించాలి. 1 నుంచి 2, 2 నుంచి 3 గేర్లకు మారేటప్పుడు బండి వణుకుతోందా? రివర్స్ వేస్తే కాసేపు ఆగి, ఆ తర్వాత కుదుపుతో కదులుతోందా? మీటర్‌లో గేర్ గుర్తు మినుకుమినుకుమంటోందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుంది' అన్న మాట నమ్మొద్దు. పది నిమిషాల రౌండ్ కూడా చాలదు. ట్రాఫిక్‌లో కనీసం అరగంట నడిపి, గేర్‌బాక్స్ వేడెక్కాక మళ్లీ చూడాలి.

ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయాలి

మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవారికి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉందంటే ఏదో దాస్తున్నారేమో అని అనుమానించాల్సిందే. మొదటి తరం 1.2 టీఎస్ఐ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ఉంటుంది. అది సాగితే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో గలగలమని శబ్దం వస్తుంది. చైన్ పన్ను దాటిందంటే వాల్వులు, పిస్టన్లు కూడా దెబ్బతినొచ్చు.

సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. టర్బో సీల్ పోయినా ఇలాగే వస్తుంది. కూలెంట్ డబ్బాలో లెవెల్ చూడండి. అందులో రంగు నీళ్లకు బదులు మామూలు నీళ్లు కనిపిస్తే, ఎక్కడో లీకేజీ ఉండి నెట్టుకొస్తున్నారేమో ఆరా తీయాలి.

రీమ్యాప్ చేశారా?

ఇలాంటి బండ్లలో ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచుకోవడం మామూలే. ఈ డీఎస్‌జీని 250 ఎన్ఎం టార్క్ వరకు తట్టుకునేలా డిజైన్ చేశారు. పవర్ పెంచి చాలాకాలం నడిపిన బండిలో క్లచ్, టర్బో రెండింటి మీదా భారం పడి ఉంటుంది. అమ్మే ముందు పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించేవాళ్లూ ఉంటారు. అందుకే స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఎర్రర్ కోడ్‌లు చూపించమనండి. చాసిస్ నంబర్‌తో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ అడిగితే, మీటర్ వెనక్కి తిప్పారో లేదో కూడా తేలిపోతుంది.

పేపర్ల పని మర్చిపోవద్దు

ఎంపరివాహన్‌లో ఆర్‌సీ వివరాలు, చలాన్లు చూసుకోవాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 తప్పనిసరి. ఓనర్‌షిప్ మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. ఢిల్లీ, బెంగళూరు నుంచి తెచ్చిన బండి తక్కువ ధరకు దొరికిందని సంబరపడొద్దు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క కలిపాకే అసలు ధర తెలుస్తుంది. ఇన్సూరెన్స్ మీ పేరు మీదకు మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

కొన్నాక ఇలా చూసుకుంటే ఎక్కువ కాలం మన్నుతుంది

* సర్వీస్ గడువు 15 వేల కిలోమీటర్లు లేదా ఏడాది. బండి పాతది కాబట్టి 8 వేల నుంచి 10 వేలకే ఆయిల్ మార్చడం మేలు. ఫోక్స్‌వ్యాగన్ 502 00 ప్రమాణం ఉన్న సింథటిక్ ఆయిలే వాడాలి.
* పొద్దున్నే స్టార్ట్ చేసి వెంటనే రేజ్ చేయొద్దు. ఆయిల్ వేడెక్కేదాకా మెల్లగా నడపాలి.
* హైవే మీద గట్టిగా తోలి వచ్చాక టక్కున ఆపేయొద్దు. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బో చల్లబడుతుంది.
* ఇది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్. పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వుల మీద పడదు కాబట్టి అక్కడ కార్బన్ పేరుకుంటుంది. పికప్ తగ్గి, ఐడిల్‌లో వణుకు వస్తే వాల్వులు క్లీన్ చేయించాలి.
* డీఎస్‌జీ బండిని ట్రాఫిక్‌లో పాకించొద్దు. ముందు కాస్త ఖాళీ వచ్చాక ఒకేసారి కదలాలి. ఫ్లైఓవర్ ఎక్కేచోట ఆగితే యాక్సిలరేటర్‌తో కాకుండా బ్రేక్‌తోనే నిలపాలి.
* ఈ20 పెట్రోల్‌కు తగ్గట్టు కార్లు తయారవుతున్నది 2023 ఏప్రిల్ నుంచి. పోలో అంతకుముందుదే. కాబట్టి ప్రతి సర్వీస్‌లో ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్లు చెక్ చేయించాలి.

చివరిగా ఒక లెక్క. చేతిలో 6 లక్షలు ఉంటే 6 లక్షల బండి చూడొద్దు. 5 లక్షల లోపు బండి చూసి, మిగతాది రిపేర్ల కోసం పక్కన పెట్టుకోవాలి. సర్వీస్ రికార్డు పక్కాగా ఉన్న బండికి పది, ఇరవై వేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. రికార్డు లేని బండి ఎంత మెరిసిపోతున్నా వదిలేయడమే మంచిది.