శశిరేఖా పరిణయం (కథ)

ఈ వ్యాసం మాయాబజార్‌గా ప్రసిద్ధమైన పౌరాణిక గాథ గురించినది. ఇదే పేరుతో 2009లో కృష్ణవంశీ దర్శకత్వంలో వచ్చిన సినిమా వేరు.

శశిరేఖా పరిణయం తెలుగునాట నాటకంగాను, సినిమాగాను ప్రసిద్ధి పొందిన హాస్యరస ప్రధానమైన ప్రేమకథ. బలరాముని కుమార్తె శశిరేఖకు, అర్జునుని కుమారుడు అభిమన్యునికి జరిగే వివాహం ఇందులోని ఇతివృత్తం. మాయాశక్తులు గల యువకుడైన ఘటోత్కచుడు ఈ వివాహాన్ని జరిపిస్తాడు. ఈ కథ వ్యాస భారతంలో లేదు. అందులో అభిమన్యుని భార్య విరాటరాజు కుమార్తె ఉత్తర. కొన్ని ఇతర భారతీయ భాషలలోని గాథలలో శశిరేఖకు బదులుగా వత్సల అనే పేరు కనిపిస్తుంది.

కథాసంగ్రహం

శశిరేఖను మేనల్లుడు అభిమన్యునికి ఇస్తామని ఆమె తల్లిదండ్రులు మాట ఇస్తారు. పాండవులు జూదంలో రాజ్యం కోల్పోగానే ఆ మాట మరచి, దుర్యోధనుని కుమారుడు లక్ష్మణకుమారునితో సంబంధం నిశ్చయిస్తారు. అవమానం పొందిన సుభద్ర కుమారునితో ద్వారకను విడిచి అడవికి బయలుదేరుతుంది. అక్కడ ఘటోత్కచుడు వారిని శత్రువులనుకొని అభిమన్యునితో పోరాడి, పిదప తన తమ్ముడని తెలుసుకొంటాడు. కృష్ణుని సహకారంతో శశిరేఖను నిద్రలో ఉండగానే తన ఆశ్రమానికి చేర్చి, తాను ఆమె రూపం ధరించి ద్వారకలో ఉంటాడు. మగపెళ్ళివారి కోసం మాయానగరాన్ని నిర్మింపజేస్తాడు. పెళ్ళిపీటలపై మాయా శశిరేఖ వరుని కాలు తొక్కి, భీకర రూపాలు చూపి హడలెత్తిస్తుండగా, ఆశ్రమంలో అసలు వివాహం జరిగిపోతుంది.

శక్తులు, హాస్యం

అద్భుత శక్తులు గల యువతీయువకుల హాస్యకథలు ఇతర దేశాలలోనూ ఉన్నాయి. ఇంగ్లండులో 2009 నుండి 2013 వరకు ప్రసారమైన మిస్‌ఫిట్స్ ధారావాహికలో, చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా పొందిన యువతీయువకులకు ఒక తుఫానువల్ల శక్తులు వస్తాయి. ఆ శక్తులు వారికే చిక్కులు తెచ్చిపెడతాయి. ఘటోత్కచునికి మాత్రం మాయ పుట్టుకతో వచ్చిన విద్య. దానిని అతడు ప్రాణాలు తీయడానికి కాక, కలిమిలో ఇచ్చి లేమిలో తప్పిన మాటను నిలబెట్టడానికి వినియోగిస్తాడు. అందువలన ఈ కథలో నవ్వు బలహీనుల మీద కాక, అధికారమూ సంపదా చూసి మాట మార్చినవారి మీద పడుతుంది.

1957 నాటి చిత్రం

1936లో పి.వి.దాస్ దర్శకత్వంలో ఈ కథ తెలుగు సినిమాగా వచ్చింది. వీటన్నింటిలో ఎక్కువ పేరు పొందినది విజయా వారి మాయాబజార్. కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1957 మార్చి 27న విడుదలైనది. మాయా శశిరేఖగా సావిత్రి అభినయం ప్రత్యేకమైనది. స్త్రీరూపంలో ఉన్న రాక్షసుని నడక, చూపు, దర్పం ఆమె ఎస్.వి.రంగారావు ధోరణిలోనే చూపినది. నాటి కెమెరా ఉపాయాలతోనే ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ మాయాదృశ్యాలను రూపొందించాడు. పింగళి నాగేంద్రరావు కల్పించిన అసమదీయులు, తసమదీయులు వంటి పదాలు వాడుకలోకి వచ్చాయి. పీఠమెక్కినవారిచేత నిజం చెప్పించే సత్యపీఠం కూడా ఈ చిత్రంలోని విశేషమే. దానిపై నిలిచి శకుని తన కుట్రను తానే బయటపెడతాడు.

కృష్ణా డెల్టాతో సంబంధం

చిత్ర నిర్మాణం మద్రాసులో జరిగినా, అందులోని ముఖ్యులు పలువురు కృష్ణానదికి ఇరువైపులా ఉన్న ప్రాంతాలవారు. కృష్ణుని పాత్రధారి ఎన్.టి.రామారావు నిమ్మకూరులో జన్మించాడు. అభిమన్యునిగా నటించిన అక్కినేని నాగేశ్వరరావు, సంగీతదర్శకుడు ఘంటసాల గుడివాడ ప్రాంతంవారు. ఎస్.వి.రంగారావు జన్మస్థలం నూజివీడు (2022 నుండి ఏలూరు జిల్లా). సావిత్రిది చిర్రావూరు. నిర్మాతలలో ఒకరైన చక్రపాణిది తెనాలి.

తరువాతి కాలంలో

1995లో ఎస్.వి.కృష్ణారెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఘటోత్కచుడు చిత్రం ఈ పాత్రను ఆధునిక కాలంలోకి తెచ్చినది. కృష్ణా జిల్లా కౌతవరానికి చెందిన కైకాల సత్యనారాయణ ఆ పాత్ర ధరించాడు. 1957 నాటి మాయాబజార్‌ను రంగులలోకి మార్చి 2010 జనవరి 30న తిరిగి విడుదల చేశారు. 2013లో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. నిర్వహించిన అభిప్రాయ సేకరణలో ఇది భారతీయ చిత్రాలన్నింటిలో అత్యుత్తమమైనదిగా ఎంపికైనది.