అన్నా ఓ. కథకు అన్వయం

మానసిక చికిత్సలో 'కేస్ ఫార్ములేషన్' అనేదానికి నాకు తృప్తినిచ్చే తెలుగు మాట దొరకలేదు. అది వ్యాధికి పేరు పెట్టడం కాదు. ఈ మనిషికే, ఇప్పుడే, ఈ బాధ ఎందుకు కలిగింది, ఎందుకు తగ్గడం లేదు అని చికిత్సకుడు కూర్చుకునే ఊహ. తెలుగు పండితుణ్ణి గనుక దానిని 'అన్వయం' అనుకుంటాను. పద్యంలో ఒక్క పదం మిగిలిపోయినా అన్వయం కుదరనట్లే గదా! ఇంతకన్న మంచి మాట తట్టిన మిత్రులు చెబితే సంతోషిస్తాను.

దీని చరిత్రలో ముందుగా తలచుకోదగినది వియన్నా నగరపు 21 ఏళ్ల యువతి కథ. 1880లో తండ్రికి పరిచర్య చేస్తూ తానే జబ్బుపడింది. కుడిచేయి చచ్చుబడింది. ఇంటిభాష జర్మను మరచి, ఇంగ్లీషే మాట్లాడసాగింది. ఒక మండువేసవిలో దాహంతో అలమటిస్తూ కూడ, గ్లాసు పెదవికి తగలగానే తోసివేసేది. ఆరు వారాలపాటు పండ్లతోనే దప్పిక తీర్చుకొంది. ఒకనాడు హిప్నాసిస్‌లో ఉండగా అసలు సంగతి బయటపడింది. తనకు గిట్టని ఇంగ్లీషు సహచరి కుక్క గ్లాసులో నీళ్లు తాగుతుంటే చూచి, మర్యాదకోసం ఆ అసహ్యాన్ని దిగమింగుకొన్నదట! చెప్పడం ముగియగానే నీళ్లడిగి కడుపునిండా తాగింది.

వైద్యుడు జోసెఫ్ బ్రాయర్ తక్కిన లక్షణాలను కూడ ఇలాగే వాటి పుట్టుకదాకా వెదకుకొంటూ పోయాడు. ఫ్రాయిడుతో కలిసి 1895లో వెలువరించిన గ్రంథంలో ఆమెను 'అన్నా ఓ.' అన్నాడు. పూర్తిగా కోలుకోవడానికి చాలాకాలం పట్టిందని ఒక్క వాక్యంలో దాటవేసి, అటుపై సంపూర్ణారోగ్యంతో ఉన్నదని ముగించాడు.

ఆ దాటవేసిన కాలమే మిగిలిపోయిన పదం. 1882 జూలైలో ఆమెను స్విట్జర్లాండులోని క్రాయిట్స్‌లింగెన్ ఆరోగ్యశాలలో చేర్చారు. అప్పటికే ముఖపు నరాల నొప్పికి ఇచ్చిన మార్ఫిన్ అలవాటైపోయింది. ఈ పత్రాలను హెన్రీ ఎలెన్‌బెర్గర్ 1972లో వెలికితెచ్చాడు. బ్రాయర్ బొంకాడని నేననను. కుక్క, గ్లాసు – అంత చక్కగా అమరిన కథను విడిచిపెట్టడం ఎవరికైనా కష్టమే.

ఆ పత్రాలు బయటపడకముందే, 1950లలో లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో మాంటీ షాపిరో మరో దారి పట్టాడు. ఒక్క రోగి విషయంలోనైనా ఊహను ఊహగానే ఉంచి, పరీక్షించి, నిలవకపోతే మార్చుకోవాలన్నాడు. (మన ఆయుర్వేద నిదానపంచకంలోని 'ఉపశయం' ఇటువంటిదే: సందేహమున్నచోట మందో పథ్యమో ఇచ్చిచూసి వ్యాధిని పోల్చుకోవడం.)

ఇక ఆ యువతి అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. 1904లో జర్మనీలో యూదు మహిళల సమాఖ్యను స్థాపించింది. 1907లో నోయ్-ఈజెన్‌బుర్గ్‌లో నిరాశ్రయులైన బాలికలకూ తల్లులకూ ఆశ్రమం తెరిచింది. తన సంరక్షణలో ఉన్నవారికి మనోవిశ్లేషణ చేయిస్తామంటే మాత్రం ఒప్పుకొనేది కాదట.