ఆరోహణ క్రీడ: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు

ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా పరుచుకున్న అటవీ ప్రాంతానికి ఆరోహణ క్రీడ సాంఘిక సంక్షేమ గురుకులాల ద్వారా పరిచయమైంది. ఈ ప్రాంత క్రీడాచరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం 2014 మే 25న జరిగింది. చర్ల మండలం కలివేరు గ్రామానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ రోజు ఎవరెస్టు శిఖరం చేరాడు.

అంతకు ముందు శతాబ్దాలలో ఇక్కడ ఎక్కడమంటే జీవనోపాధి: కల్లు కోసం తాటి, జీలుగు చెట్లు, తేనె కోసం అడవిలోని మానులు. 

2012లో ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ కార్యదర్శి అయ్యాక, చదువుతో పాటు సాహస క్రీడలకూ చోటు దక్కింది. దళిత, గిరిజన కుటుంబాల పిల్లలకు అప్పటిదాకా అందని రంగమది. వివిధ గురుకులాల నుంచి ఎంపికైన వందమందికి పైగా విద్యార్థులకు భువనగిరి కోట ఏకశిలపై శిక్షణ మొదలైంది. 2007లో ఎవరెస్టు ఎక్కిన బచినేపల్లి శేఖర్ బాబు వారికి శిక్షకుడు. తాడు ముడులు వేయడం, నడుముకు పట్టీ బిగించుకోవడం, నున్నటి రాతిమీద కాలు నిలదొక్కుకోవడం, తాడు పట్టుకుని కిందికి జారడం అక్కడి పాఠాలు. ఖమ్మం జిల్లా అన్నపురెడ్డిపల్లి గురుకులంలో చదువుతున్న ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ ఈ బృందంలోనివారే. ఆనంద్ ఒక సైకిల్ మెకానిక్ కుమారుడు.

వీరిలో మెరుగైనవారిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. 1954లో స్థాపించిన ఆ సంస్థలో క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టర్ టెన్జింగ్ నోర్గే. అక్కడ రెనోక్ శిఖరం ఎక్కి, తర్వాత లద్దాఖ్ చలిలో మరో విడత శిక్షణ పొందాక, చివరికి మిగిలినవారు ఆనంద్, పూర్ణ ఇద్దరే.

ఎవరెస్టు ఎక్కడానికి నేపాల్ 16 ఏళ్ల లోపువారికి అనుమతి ఇవ్వదు. పూర్ణకు అప్పటికి 14 కూడా నిండలేదు. అందుకే టిబెట్ వైపు ఉత్తర మార్గాన్ని ఎంచుకున్నారు. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూ మంచుప్రవాహంలో మంచు చరియలు విరిగిపడి 16 మంది మరణించారు. ఆ వైపు యాత్రలు దాదాపుగా నిలిచిపోయాయి. వార్త తెలిసినా ఈ ఇద్దరు విద్యార్థులూ వెనుదిరగలేదు. ఉత్తర మార్గంలో సుమారు 8,600 మీటర్ల ఎత్తున ‘సెకండ్ స్టెప్’ అనే నిట్టనిలువు రాతిగోడ ఉంది. దాన్ని దాటడానికి 1975లో చైనా బృందం నిచ్చెన బిగించింది. అక్కడ మంచు మీద నడవడం వస్తే చాలదు, రాయి ఎక్కడం కూడా రావాలి. భువనగిరి బండతో మొదలుపెట్టించిన శిక్షణ సరైనదేనని ఈ మార్గం రుజువు చేసింది. మొత్తం యాత్రకు 52 రోజులు పట్టింది. పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన అతి పిన్న వయసు బాలికగా పేరు పొందింది. వారు శిఖరం చేరిన ఎనిమిది రోజులకు తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది; కొత్త ప్రభుత్వం ఇద్దరికీ చెరి 25 లక్షల రూపాయల బహుమతి ప్రకటించింది. పూర్ణ 2022లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాల ఆరోహణ పూర్తిచేసింది. చర్ల, అన్నపురెడ్డిపల్లి రెండూ 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి.

రాయి ఎక్కే ఇదే నైపుణ్యానికి కొలతలూ గడియారమూ చేరిన రూపం స్పోర్ట్ క్లైంబింగ్. 1985లో ఇటలీలోని బార్డొనేకియాలో సహజ శిలపై పోటీలు జరిగాయి, క్రమంగా అవి కృత్రిమ గోడలకు మారాయి. ఆసియా క్రీడల్లో 2018 జకార్తా–పాలెంబాంగ్‌లో, ఒలింపిక్స్‌లో 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో ఇది తొలిసారి చేరింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలకు భారత జట్టు వెళ్లినా పతకం రాలేదు. స్పీడ్ విభాగంలో గోడ ఎత్తు 15 మీటర్లు. పట్టుల ఆకారం, అమరిక ప్రపంచమంతటా ఒకటే. కాబట్టి ఏ ఊళ్లో సాధన చేసినవారికైనా పోటీలో ఎదురయ్యేది తాము ఎక్కిన దారే. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు ఇంత సమన్యాయమైన క్రీడ అరుదు. 2024 పారిస్‌లో పోలండ్‌కు చెందిన అలెక్సాండ్రా మిరోస్లావ్ ఈ స్పీడ్ గోడను 6.06 సెకన్లలో ఎక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. పురుషుల స్పీడ్ స్వర్ణం ఇండోనేషియాకు చెందిన వెడ్రిక్ లియోనార్డోకు దక్కింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్పీడ్, బౌల్డర్, లీడ్ విభాగాలకు వేర్వేరుగా పతకాలు ఇస్తారు. అదే ఏడాది పారాలింపిక్స్‌లో పారా క్లైంబింగ్ కూడా మొదలవుతుంది.